బొమ్మల కుదింపు: ఏది పోతుంది, ఏది మిగులుతుంది

చిత్రం ఒక అంకెల పట్టిక

డిజిటల్ చిత్రం అంటే వరుసలుగా పేర్చిన అంకెలు. చిత్రాన్ని అడ్డంగా, నిలువుగా సన్నని గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఎంత వెలుగుందో, ఏ రంగుందో అంకెల్లో రాస్తే డిజిటల్ చిత్రం తయారవుతుంది. ఆ గడినే పిక్సెల్ అంటారు. 1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్ తన మూడు నెలల కొడుకు ఫొటోను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అడ్డం 176, నిలువు 176, మొత్తం 30,976 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ నలుపో తెలుపో అంతే కాబట్టి, దానికి ఒక్క బిట్ సరిపోయింది. చిత్రం మొత్తం 4 కిలోబైట్లు కూడా లేదు.

ఇప్పటి ఫోన్ కెమెరా తీసే 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000, వెరసి కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లుంటాయి. ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల పాళ్లు రాయాలి. ఒక్కో రంగుకు 8 బిట్లు కేటాయిస్తే 0 నుంచి 255 దాకా 256 మెట్లు దొరుకుతాయి. మూడు రంగుల మెట్లనూ కలిపితే 1,67,77,216 ఛాయలు. పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున ఆ ఫొటోకు 3 కోట్ల 60 లక్షల బైట్లు, అంటే 36 మెగాబైట్లు కావాలి. విండోస్‌తో పాటు వ్యాపించిన బీఎంపీ ఫైలు దాదాపు ఇలాగే, ఏ కుదింపూ లేకుండా, అంకెలను వరుసగా రాసుకుపోతుంది. అదే ఫొటో ఫోన్‌లో 3, 4 మెగాబైట్లే ఉంటుంది. మిగతా 32 మెగాబైట్లు ఎక్కడికి పోయాయన్నదే ఈ అధ్యాయం విషయం.

కుదింపుకు ఉన్న రెండు ఆధారాలు

కుదింపుకు మొదటి ఆధారం చిత్రంలోనే ఉంది. ఆకాశం ఫొటోలో ఒక పిక్సెల్ నీలంగా ఉంటే దాని పక్కదీ నీలంగానే ఉండే అవకాశం చాలా ఎక్కువ. గోడ, చర్మం, తెల్ల కాగితం, దేన్ని చూసినా ఇంతే. పక్కనున్నదాన్ని బట్టి ఊహించగలిగిన అంకెను పూర్తిగా రాయనక్కర లేదు. ఊహకు అందనిది రాస్తే చాలు. 1948లో క్లాడ్ షానన్ ఈ భావానికి గణితరూపం ఇచ్చారు. ఒక సమాచారంలో ఊహకందనిది ఎంత ఉందో కొలవవచ్చనీ, ఏమీ పోగొట్టుకోకుండా కుదించాలంటే సగటున ఆ కొలత కంటే దిగువకు ఎవరూ పోలేరనీ ఆయన నిరూపించారు.

రెండో ఆధారం మనిషి కంటిలో ఉంది. వెలుగులోని చిన్న తేడాలను కన్ను బాగా పట్టుకుంటుంది. రంగులోని చిన్న తేడాలను అంతగా పట్టుకోలేదు. విశాలమైన గోడ మీద మెల్లగా మారే నీడలో లోపముంటే గమనిస్తుంది. గుబురుగా ఉన్న ఆకుల మధ్య అంతే లోపమున్నా గమనించదు. కన్ను చూడలేని దాన్ని ఫైల్లో దాచడం అనవసరం అనుకుంటే కుదింపు చాలా దూరం పోగలదు.

మొదటి ఆధారాన్ని మాత్రమే వాడుకునేది నష్టం లేని కుదింపు. ఇందులో ఫైలు విప్పినప్పుడు ప్రతి బిట్టూ యథాతథంగా తిరిగి వస్తుంది. రెండింటినీ వాడుకునేది నష్టంతో కూడిన కుదింపు. ఇందులో తీసేసింది ఇక తిరిగి రాదు. ఏ ఫార్మాట్‌ను అర్థం చేసుకోవాలన్నా ముందు అడగవలసినవి రెండు ప్రశ్నలు. అది ఎలాంటి చిత్రాన్ని ఊహించి తయారైంది? దేన్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడింది?

నష్టం లేని కుదింపు: ఫ్యాక్స్ నుంచి పీఎన్‌జీ దాకా

అన్నింటిలోకీ సులువైన పద్ధతి వరుస లెక్క. ఒక గీతలో 200 తెల్ల పిక్సెళ్లు, ఆ తరువాత 6 నల్లవి, మళ్లీ 150 తెల్లవి ఉంటే 356 బిట్లు రాయకుండా 200, 6, 150 అని రాస్తే చాలు. 1980లో ప్రమాణంగా వచ్చిన గ్రూప్ 3 ఫ్యాక్స్ ఈ సూత్రం మీదే నడిచింది. 1984 నాటి గ్రూప్ 4 ఇంకో మెట్టు ఎక్కి, ప్రతి గీతనూ దాని పై గీతతో పోల్చి తేడాను మాత్రమే రాసింది. అక్షరాల అంచులు ఒక గీత నుంచి మరో గీతకు కొద్దిగానే జరుగుతాయి కాబట్టి అచ్చు పేజీలు ఈ పద్ధతికి బాగా లొంగుతాయి.

తరువాతి మెట్టు హఫ్‌మన్ కోడింగ్. ఎంఐటీలో విద్యార్థిగా ఉండగా డేవిడ్ హఫ్‌మన్ కనిపెట్టిన ఈ పద్ధతి 1952లో అచ్చయింది. తరచుగా వచ్చే అంకెకు పొట్టి కోడ్, అరుదుగా వచ్చేదానికి పొడుగు కోడ్ ఇవ్వడం దీని సారం. నేటికీ జేపెగ్, పీఎన్‌జీ రెండింటిలోనూ చివరి పని చేసేది ఇదే.

మూడో పద్ధతి ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు జేకబ్ జివ్, అబ్రహాం లెంపెల్ 1977, 1978 సంవత్సరాల్లో ప్రకటించినది. కీర్తనల పుస్తకాల్లో పల్లవిని ఒక్కసారే పూర్తిగా అచ్చు వేసి, ప్రతి చరణం తరువాత దాని మొదటి మాట మాత్రం ఇస్తారు. పాడేవారు వెనక్కి వెళ్లి పల్లవి అందుకుంటారు. జివ్, లెంపెల్ పద్ధతి చేసేదీ ఇదే. ఒకసారి వచ్చిన అంకెల వరుస మళ్లీ వస్తే దాన్ని తిరిగి రాయకుండా 'ఇన్ని అడుగులు వెనక్కి వెళ్లి ఇన్ని అంకెలు తెచ్చుకో' అని సూచిస్తుంది. 1984లో టెర్రీ వెల్చ్ దీనికి చేసిన మెరుగు ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో ఎల్‌జడ్‌డబ్ల్యూ అయింది.

1987లో కంప్యూసర్వ్ సంస్థలో స్టీవ్ విల్‌హైట్ బృందం విడుదల చేసిన గిఫ్ ఈ ఎల్‌జడ్‌డబ్ల్యూనే వాడుకుంది. గిఫ్‌లో ఒక చిత్రానికి 256 రంగులకు మించి ఉండవు. కోటిన్నరకు పైగా ఛాయల్లోంచి 256 ఏరి ఒక పట్టికలో పెట్టుకుని, ప్రతి పిక్సెల్‌కూ ఆ పట్టికలోని వరుస సంఖ్య రాస్తుంది. లోగోలకు, కార్టూన్లకు ఇది చాలు. ఫొటోకు చాలదు. ఆకాశంలో మెల్లగా మారే నీలం పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. గిఫ్ కుదింపు నష్టం లేనిదే. నష్టం అంతకు ముందే, రంగులను 256కు తగ్గించడంలో జరిగిపోతుంది. ఒకే ఫైల్లో అనేక చిత్రాలను వరుసగా పెట్టి కదిలే బొమ్మగా చూపగలగడం వల్ల గిఫ్ నేటికీ బతికి ఉంది.

ఎల్‌జడ్‌డబ్ల్యూ మీద యూనిసిస్ సంస్థకు పేటెంట్ ఉండేది. గిఫ్‌ను సృష్టించే సాఫ్ట్‌వేర్లకు లైసెన్సు కావాలని 1994 డిసెంబరు చివర ప్రకటన వెలువడింది. దానితో 1995 జనవరిలోనే థామస్ బౌటెల్ చొరవతో ఇంటర్నెట్‌లోని ప్రోగ్రామర్లు పేటెంట్ లేని కొత్త ఫార్మాట్‌కు పూనుకున్నారు. 1996 అక్టోబరు 1న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదం పొందిన పీఎన్‌జీ ఆ శ్రమ ఫలితం. అమెరికాలో ఎల్‌జడ్‌డబ్ల్యూ పేటెంట్ 2003 జూన్‌లో ముగిసిపోయింది కానీ, అప్పటికే పీఎన్‌జీ తన యోగ్యతతోనే నిలబడింది.

పీఎన్‌జీ రెండు దశల్లో పనిచేస్తుంది. మొదటి దశ ఊహ. ఒక పిక్సెల్ విలువను దాని ఎడమ పిక్సెల్ నుంచో, పై పిక్సెల్ నుంచో, ఆ రెండింటి సగటు నుంచో, ఎడమ, పై, మూల పిక్సెళ్ల మూడింటి నుంచో ఊహించి, అసలు విలువకూ ఊహకూ మధ్య తేడాను రాస్తుంది. ఏ ఊహ వాడాలన్నది వరుస వరుసకూ మార్చుకోవచ్చు. చిత్రం నునుపుగా ఉన్నచోట ఈ తేడాలు సున్నాలుగానో, సున్నాకు దగ్గరగానో ఉంటాయి. రెండో దశలో ఆ తేడాలను డిఫ్లేట్ పద్ధతి కుదిస్తుంది. జివ్, లెంపెల్ పద్ధతినీ హఫ్‌మన్ కోడింగ్‌నూ కలిపి ఫిల్ కాట్జ్ జిప్ ఫైళ్ల కోసం తయారుచేసిన పద్ధతి అది. పీఎన్‌జీలో ఒక్కో రంగుకు 16 బిట్ల దాకా పెట్టవచ్చు. ప్రతి పిక్సెల్‌కూ పారదర్శకత కొలతను ఇవ్వవచ్చు. గిఫ్‌లో పిక్సెల్ పూర్తిగా కనిపించాలి, లేదా పూర్తిగా మాయం కావాలి. పీఎన్‌జీలో సగం కనిపించే నీడనూ మెత్తని అంచునూ చూపవచ్చు.

తెర మీది అక్షరాలు, పట్టికలు, రేఖాచిత్రాలు పీఎన్‌జీలో పదో వంతుకూ అంతకన్నా దిగువకూ తగ్గిపోతాయి. ఫొటో మాత్రం తరచుగా సగం దగ్గరే ఆగిపోతుంది. కెమెరా సెన్సర్ ప్రతి పిక్సెల్‌లోనూ కొంత గరుకుదనం కలుపుతుంది. దానికి క్రమం లేదు, దాన్ని ఏ ఊహా పట్టుకోలేదు. షానన్ గీసిన గీత దగ్గర నష్టం లేని కుదింపు ఆగిపోతుంది. అక్కడి నుంచి ముందుకు పోవాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి.

జేపెగ్: కన్ను చూడనిదాన్ని వదిలేయడం

1974 జనవరిలో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు పేర్లతో అమెరికాలో ఒక చిన్న పరిశోధన పత్రం వెలువడింది. బెంగళూరులో పుట్టిన అహ్మద్ అప్పుడు కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తున్నారు. టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ ప్రాంగణంలో పాఠం చెప్పిన కామిశెట్టి రామమోహన రావు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవారు. ఈ ఆలోచన మీద పనిచేయడానికి 1972లో అహ్మద్ అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు కోరితే, అది మరీ సరళంగా ఉందని ఒక సమీక్షకుడు తోసిపుచ్చారు. నిధులు రాకపోయినా ఆయన ఆ పని వదలలేదు. ఆ పత్రం ప్రతిపాదించిన డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, పొట్టిగా డీసీటీ, నేటి జేపెగ్ ఫొటోలకూ అనేక వీడియో ప్రమాణాలకూ పునాది.

జేపెగ్ అన్నది 1986లో ఏర్పడిన అంతర్జాతీయ నిపుణుల సంఘం పేరు. వారి ప్రమాణం 1992లో సిద్ధమైంది. అది నడిచే తీరు ఇలా ఉంటుంది.

ముందుగా ప్రతి పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను ఒక వెలుగు అంకెగా, రెండు రంగు అంకెలుగా మారుస్తుంది. వెలుగు లెక్కలో ఆకుపచ్చకు 0.587, ఎరుపుకు 0.299, నీలానికి 0.114 వంతు ప్రాధాన్యం. కంటికి ఆకుపచ్చ ఎక్కువ కాంతివంతంగా, నీలం తక్కువ కాంతివంతంగా కనిపించడమే ఈ తేడాకు కారణం. తరువాత వెలుగు అంకెలను అన్నింటినీ ఉంచి, రంగు అంకెలను సాధారణంగా నాలుగు పిక్సెళ్లకు ఒక జత చొప్పున మాత్రమే ఉంచుతుంది. నాలుగు పిక్సెళ్లకు 12 అంకెలు ఉండవలసిన చోట 6 మిగులుతాయి. ఈ ఒక్క అడుగులోనే చిత్రం సగమైపోతుంది. అయినా మామూలు ఫొటోలో కన్ను దాన్ని పసిగట్టదు.

రెండో అడుగులో చిత్రాన్ని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొడుతుంది. ఒక్కో గడిలోని 64 విలువలను డీసీటీ మరో 64 అంకెలుగా మారుస్తుంది. వాటిలో మొదటిది ఆ గడి సగటు వెలుగును చెబుతుంది. తక్కినవి ఆ గడిలో వెలుగు ఎంత మెల్లగా, ఎంత వేగంగా, ఏ దిశలో మారుతోందో చెబుతాయి. నునుపైన గోడ గడిలో మొదటి అంకె పెద్దదిగా ఉండి, తక్కినవన్నీ సున్నాకు దగ్గరగా ఉంటాయి. ఇంతవరకూ డీసీటీ వల్ల పోయింది దాదాపు ఏమీ లేదు. అవే విలువలు మరో భాషలో రాసినట్టయింది.

అసలు నష్టం మూడో అడుగులో జరుగుతుంది. 64 అంకెల్లో ఒక్కోదాన్ని ఒక నిర్ణీత సంఖ్యతో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తుంది. ప్రమాణ పత్రంలో ఉదాహరణగా ఇచ్చిన పట్టికలో మొదటి భాజకం 16, చివరిది 99. మొదటి అంకె 37 అనుకుంటే 16తో భాగించగా వచ్చే 2.3 కాస్తా 2 అవుతుంది. విప్పేటప్పుడు 32గా తిరిగి వస్తుంది. చివరి అంకె 40 అయితే 99తో భాగించగా వచ్చే 0.4 కాస్తా 0 అవుతుంది; ఆ సూక్ష్మ వివరం పూర్తిగా చెరిగిపోతుంది. మెల్లని మార్పులను చాలావరకు కాపాడి, వేగమైన మార్పులను ధారాళంగా వదిలేయడం ఈ పట్టిక ఉద్దేశం. చివరకు మిగిలే పొడవాటి సున్నాల వరుసలను లెక్కించి, హఫ్‌మన్ కోడింగ్‌తో చుట్టేస్తుంది. 36 మెగాబైట్ల ఫొటో పదో వంతుకు తగ్గినా మామూలు దూరం నుంచి చూసేవారికి తేడా కనిపించదు.

సాఫ్ట్‌వేర్లలో కనిపించే 'క్వాలిటీ' సంఖ్య ఈ భాజకాల పట్టికను పెంచే, తగ్గించే మీట. 90 అంటే చిత్రంలో 90 శాతం మిగిలిందని అర్థం కాదు. ఒక సాఫ్ట్‌వేర్‌లోని 80, మరోదానిలోని 80 ఒకటి కావు. 100 పెట్టినా సవరింపుల వల్ల కొంత నష్టం ఉంటుంది.

జేపెగ్ ఊహించిన చిత్రం ఫొటో: మెల్లని మార్పులు ఎక్కువ, పదునైన అంచులు తక్కువ. ఆ ఊహ తప్పిన చోట లోపాలు బయటపడతాయి. తెల్ల కాగితం మీది నల్ల అక్షరంలో వెలుగు ఒక్కసారిగా మారుతుంది. అలాంటి అంచును చూపాలంటే వేగమైన మార్పుల అంకెలన్నీ కావాలి. జేపెగ్ తీసేసేది వాటినే. అందుకే అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు బూడిదరంగు మచ్చలు కనిపిస్తాయి. కుదింపు మరీ ఎక్కువైతే 8×8 గళ్ల హద్దులు తేలిపోతాయి. తెలుగు లిపికి ఈ నష్టం మరింత తీవ్రం. ద, ధ మధ్య, ప, ఫ మధ్య, డ, ఢ మధ్య తేడా ఒక చిన్న గీత. చిన్న సైజులో ఆ గీత రెండు, మూడు పిక్సెళ్లకు మించదు. ఒత్తులు కూడా అంతే ఇరుకుగా అమరుతాయి. పద్యమో ప్రకటనో ఫోన్‌లో చేతులు మారుతూ పదే పదే కుదింపుకు గురైతే మొదట చెదిరేవి ఇవే.

జేపెగ్ ఫైలును కాపీ చేయడం వల్ల గానీ, తెరిచి చూడడం వల్ల గానీ నష్టం రాదు. మార్చి మళ్లీ సేవ్ చేసినప్పుడు వస్తుంది. చిత్రాన్ని కత్తిరించినా, సైజు మార్చినా 8×8 గళ్ల హద్దులు కొత్త చోట పడతాయి. అంతకు ముందే సవరించిన విలువలను మళ్లీ సవరించవలసి వస్తుంది. వాట్సాప్ వంటి సేవలు ఫొటోగా పంపిన ప్రతిదాన్నీ చిన్నది చేసి మళ్లీ కుదిస్తాయి. అదే చిత్రాన్ని డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

అచ్చు పేజీల సంగతి

పాత పుస్తకాల పేజీలది వేరే సమస్య. అక్కడ కావలసినవి అక్షరాల అంచులు. రంగుతో పెద్దగా పని లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రాజెక్టు హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీతో సహా అనేక కేంద్రాల్లో పుస్తకాలను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేసి, నలుపు తెలుపు పేజీలుగా, గ్రూప్ 4 కుదింపుతో టిఫ్ ఫైళ్లలో దాచింది. ఈనాడు ఇంటర్నెట్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాల్లో చాలా భాగం ఆ కృషి ఫలితం.

1986లో ఆల్డస్ సంస్థ స్కానర్ల కోసం రూపొందించిన టిఫ్ ఒక డబ్బా మాత్రమే. లోపల కుదింపు లేని చిత్రం ఉండవచ్చు, ఎల్‌జడ్‌డబ్ల్యూ ఉండవచ్చు, గ్రూప్ 4 ఉండవచ్చు, జేపెగ్ కూడా ఉండవచ్చు. ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు ఉన్న పేజీలో 600 చుక్కల లెక్కన కోటీ 68 లక్షల పిక్సెళ్లుంటాయి. రంగుల్లో అయితే 50 మెగాబైట్లు. ఒక్క బిట్‌కు తగ్గిస్తే 2 మెగాబైట్లు. గ్రూప్ 4తో సాధారణంగా అందులో పదో వంతు కంటే తక్కువ. గ్రూప్ 4 స్వయంగా ఏమీ పోగొట్టదు. నష్టమంతా బూడిదరంగు పేజీని నలుపు తెలుపుగా విడదీసిన క్షణంలోనే జరుగుతుంది. ఎంత ముదురైతే నలుపు అన్న హద్దును సరిగా పెట్టకపోతే వెలిసిన సిరా గీతలు తెగిపోతాయి, లేదా కాగితం మరకలు అక్షరాల్లో కలిసిపోతాయి. పేజీలోని ఫొటోలు నల్లని ముద్దలవుతాయి.

దీనికి విరుగుడుగా 1990ల చివర ఏటీ అండ్ టీ ప్రయోగశాలల్లో యాన్ లెకున్, లియాన్ బొటూ, వారి సహచరులు డేజావూ అనే ఫార్మాట్‌ను తయారుచేశారు. అది పేజీని పొరలుగా విడదీస్తుంది. అక్షరాల ఆకారాన్ని పదునుగా ఒక పొరలో, కాగితం రంగును తక్కువ వివరంతో మరో పొరలో ఉంచుతుంది. ఒకే చిత్రంలోని భిన్నమైన భాగాలకు భిన్నమైన కుదింపు కావాలన్న ఈ ఆలోచన తరువాతి స్కానింగ్ పద్ధతుల్లోకి కూడా వచ్చింది.

అదే వరుసలో వచ్చిన జేబిగ్2 మరో ఉపాయం చేస్తుంది. పేజీలో ఒకేలా కనిపించే అక్షరాలను పోగుచేసి, ఒక్క నమూనాను దాచి, తక్కిన చోట్ల ఆ నమూనానే అతికిస్తుంది. 'ఒకేలా' అన్నదాన్ని వదులుగా నిర్ణయిస్తే ప్రమాదం. 2013లో జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీజెల్ ఈ ప్రమాదాన్ని బయటపెట్టారు. జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రంలో స్కాన్ చేసిన ఇంటి ప్లాన్‌లో మూడు గదుల విస్తీర్ణాలు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లుగా ఉండవలసింది, మూడూ 14.13గా మారిపోయాయి. అంకెలు మసకబారలేదు. శుభ్రంగా, పదునుగా, తప్పుగా వచ్చాయి. సంస్థ సాఫ్ట్‌వేర్ సవరణలు విడుదల చేయవలసి వచ్చింది. జేపెగ్ చేసే నష్టం కంటికి కనిపిస్తుంది కాబట్టి చూసేవారు జాగ్రత్త పడతారు. ఈ నష్టం కనిపించదు. రిజిస్ట్రేషన్ కాగితాలు, మార్కుల జాబితాలు, వైద్య నివేదికలు స్కాన్ చేసే ఏ కార్యాలయమైనా ఈ ఉదంతాన్ని మరవకూడదు.

జేపెగ్ వారసులు

2000లో వచ్చిన జేపెగ్ 2000 గళ్ల పద్ధతిని విడిచి వేవ్‌లెట్ గణితాన్ని చేపట్టింది. మొత్తం చిత్రాన్ని సగం సైజుకు, మళ్లీ అందులో సగానికి తగ్గిస్తూ, ప్రతి మెట్టులో పోయిన వివరాన్ని విడిగా రాస్తుంది. అందుకే గళ్ల హద్దులు కనిపించవు. ఎక్కువ కుదిస్తే చిత్రం మెత్తబడుతుంది. నష్టంతోనూ, నష్టం లేకుండానూ కుదించగలదు. లెక్క బరువైనది కావడంతో వెబ్‌లో నిలదొక్కుకోలేదు. నాణ్యత మీద రాజీ పడలేని చోట్ల నిలిచింది. హాలీవుడ్ స్టూడియోలు కలిసి రాసిన డిజిటల్ సినిమా ప్రమాణంలో ప్రతి ఫ్రేమూ విడిగా ఒక జేపెగ్ 2000 చిత్రం. రంగుకు 12 బిట్లు, సెకనుకు గరిష్ఠంగా 250 మెగాబిట్లు. 24 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేముకు సుమారు 1.3 మెగాబైట్లు. మరో కొసన ఆధార్ క్యూఆర్ కోడ్ ఉంది. ఏ క్యూఆర్ కోడూ 2,953 బైట్లకు మించి పట్టదు. అందులోనే పేరు, చిరునామా, డిజిటల్ సంతకం పోగా మిగిలిన చోట్లో ముఖం గుర్తుపట్టేలా ఇమిడిన ఫొటో కూడా జేపెగ్ 2000లోనే ఉంటుంది.

2010లో గూగుల్ వీపీ8 వీడియో పద్ధతిలోంచి ఒక్క ఫ్రేమును తీసుకుని వెబ్‌పీ తయారుచేసింది. ఒక గడిని దాని పొరుగు గళ్ల నుంచి ఊహించి, తేడాను మాత్రమే డీసీటీ వంటి మార్పిడితో రాయడం దీని బలం. అదే నాణ్యతకు జేపెగ్ కంటే 25 నుంచి 34 శాతం చిన్నదని గూగుల్ చెబుతుంది. నష్టం లేని రూపం కూడా ఉంది. అయినా ఫైర్‌ఫాక్స్ 2019లో, సఫారీ 2020లో గానీ దాన్ని అంగీకరించలేదు. ఒక ఫార్మాట్ మంచిదైతే చాలదు. దాన్ని తెరవగల యంత్రాలు అందరి చేతుల్లోకీ రావాలి. అందుకు వెబ్‌పీకి పదేళ్లు పట్టింది.

హెచ్‌ఈవీసీ వీడియో ప్రమాణం నుంచి పుట్టిన హెచ్‌ఈఐసీ 2017లో ఐఓఎస్ 11తో ఐఫోన్లలోకి వచ్చింది. జేపెగ్ ఫైలులో దాదాపు సగం చోటుతో సరిపెడుతుంది. దాని వెనుక పేటెంట్ల చిక్కులుండటం వల్ల బ్రౌజర్లు చాలావరకు దూరంగా ఉన్నాయి. పేటెంట్ రుసుములు లేని దారి కోసం గూగుల్, మొజిల్లా, మైక్రోసాఫ్ట్, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ వంటి సంస్థల కూటమి ఏవీ1 వీడియోను, 2019లో దాని నుంచి ఏవీఐఎఫ్‌ను తెచ్చింది. చాలా తక్కువ సైజులో కూడా ఏవీఐఎఫ్ చిత్రం గళ్లుగా విడిపోదు. బదులుగా చర్మం గరుకుదనం, బట్ట నేత వంటివి నునుపైపోతాయి. కుదించడానికి పట్టే సమయం కూడా ఎక్కువే.

2022లో అంతర్జాతీయ ప్రమాణమైన జేపెగ్ ఎక్స్‌ఎల్‌కు ఒక అరుదైన గుణం ఉంది. పాత జేపెగ్ ఫైలును ఒక్క బిట్ కూడా పోకుండా సుమారు 20 శాతం చిన్నది చేసి, కావలసినప్పుడు తిరిగి అదే జేపెగ్‌ను అప్పగించగలదు. ముప్పై ఏళ్లుగా పోగుపడిన ఫొటోలకు ఇంతకంటే మర్యాదైన వారసత్వం లేదు. అయినా 2023లో క్రోమ్ బ్రౌజర్ దాని ప్రయోగాత్మక మద్దతును తీసేసింది. అదే ఏడు సఫారీ స్వాగతించింది.

వీటన్నింటికీ భిన్నమైనది 2001లో ప్రమాణమైన ఎస్‌వీజీ. అందులో పిక్సెళ్లే లేవు. 'ఇక్కడ కేంద్రంగా ఇంత వ్యాసార్ధంతో వృత్తం, లోపల ఎరుపు' అన్న వర్ణన ఉంటుంది. ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు. లోగోలకు, పటాలకు, అక్షరాల ఆకారాలకు ఇదే సరైనది. ఫొటోకు పనికిరాదు.

ఏ పనికి ఏది

చాలా సందర్భాల్లో ఫార్మాట్ కంటే ముందు చూడవలసింది పిక్సెళ్ల లెక్క. బ్యాంకు ఉద్యోగాల ఆన్‌లైన్ దరఖాస్తుల్లో 200×230 పిక్సెళ్ల ఫొటోను 20 నుంచి 50 కిలోబైట్ల మధ్య ఇమ్మని అడుగుతుంటారు. 46,000 పిక్సెళ్లకు కుదింపు లేకుండానే 138 కిలోబైట్లు. దాన్ని 50కి తేవాలంటే మూడో వంతు, 20కి తేవాలంటే ఏడో వంతు చాలు. జేపెగ్‌కు అది సులువైన పని. అదే 12 మెగాపిక్సెళ్ల ఫొటోను సైజు తగ్గించకుండా, క్వాలిటీ మీట మాత్రమే దించుతూ 50 కిలోబైట్లకు తేవాలంటే 720 రెట్లు కుదించాలి. ముఖం గళ్లుగా విడిపోయేది అప్పుడే. ముందు కొలతలు తగ్గించాలి, తరువాతే నాణ్యత.

తెర మీది అక్షరాలకు, పట్టికలకు, రేఖాచిత్రాలకు పీఎన్‌జీ లేదా నష్టం లేని వెబ్‌పీ. ఎవరికైనా పంపే ఫొటోకు జేపెగ్. దాన్ని తెరవలేని యంత్రం దాదాపు లేదు. వెబ్‌సైటులో వేగం కావాలంటే ఏవీఐఎఫ్, వెబ్‌పీ. వాటిని తెరవలేని బ్రౌజర్ కోసం పక్కన ఒక జేపెగ్. తాళపత్రాలు, పాత పత్రికలు, కుటుంబ ఫొటోల స్కాన్లు దాచడానికి నష్టం లేని టిఫ్, పీఎన్‌జీ లేదా జేపెగ్ 2000, అదీ రంగుల్లో.

కెమెరాలో నేరుగా తీసే చిత్రానికి అసలు ప్రతి రా ఫైలు, అంటే సెన్సర్ కొలతలను ఉన్నదున్నట్టు దాచే ఫైలు. కోడాక్ సంస్థలో బ్రైస్ బేయర్ రూపొందించి 1976లో పేటెంట్ పొందిన అమరికలో సెన్సర్ మీది ఒక్కో గడి ఒక్క రంగునే కొలుస్తుంది. సగం గళ్లు ఆకుపచ్చకు, పావు ఎరుపుకు, పావు నీలానికి. ప్రతి పిక్సెల్‌లోనూ తక్కిన రెండు రంగులు పొరుగు గళ్లను బట్టి లెక్కగట్టినవే. 14 బిట్ల కొలతలున్న 12 మెగాపిక్సెళ్ల రా ఫైలు కుదించకపోయినా 21 మెగాబైట్లే. అందులో కెమెరా నిజంగా చూసినదంతా ఉంటుంది.

అన్ని పనులకూ మేలైన ఫార్మాట్ ఒక్కటి లేదు, రాబోదు కూడా. ప్రతిదీ ఒక రకం చిత్రాన్ని ఊహించి, ఒక రకం నష్టానికి ఒప్పుకుని తయారైంది. నష్టం లేని ప్రతి నుంచి చిన్న ప్రతిని ఎప్పుడైనా తయారుచేసుకోవచ్చు. చిన్న ప్రతి నుంచి అసలును ఎవరూ తిరిగి తేలేరు. కాబట్టి అసలు ప్రతిని భద్రంగా దాచి, పంపకానికి దాని నకలును కుదించడమే పాటించవలసిన పద్ధతి.